మీ కారు ఏ క్లాసులోకి వస్తుంది? అమెరికా ఆటోక్రాస్ వర్గీకరణకు సమగ్ర మార్గదర్శి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బే ఏరియాలోనో ఉంటూ, ఇష్టపడి ఒక మాజ్దా మియాటానో ఫోర్డ్ మస్టాంగో కొనుక్కున్న తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆ కారు అసలు ఏం చేయగలదో తెలుసుకోవాలంటే హైవే సరైన చోటు కాదు. అందుకు తక్కువ ఖర్చుతో, తక్కువ ప్రమాదంతో దొరికే చోటు ఆటోక్రాస్. పెద్ద పార్కింగ్ స్థలంలోనో పాత విమానాశ్రయపు కాంక్రీటు మీదో నారింజ రంగు కోన్లతో వంకర దారి గీస్తారు. ఒక్కొక్క కారే వెళుతుంది, పోటీ గడియారంతో. రన్ సుమారు ఒక నిమిషంలో అయిపోతుంది. కోన్ పడగొడితే ఒక్కోదానికి 2 సెకన్లు కలుపుతారు. కోన్లతో గుర్తించిన గేటు తప్పిపోతే ఆ రన్ లెక్కలోకి రాదు.

రిజిస్ట్రేషన్ ఫారంలో మొదటిసారి వచ్చినవాళ్లందరూ ఒక గడి దగ్గర ఆగిపోతారు. అదే 'క్లాస్'. జాబితా తెరిస్తే ఎస్‌ఎస్, సీఎస్, ఎస్‌ఎస్‌ఎం, సీఏఎం-సీ అంటూ అక్షరాలు బారులు తీరి కనిపిస్తాయి. చాలామంది పక్కవాడిని అడిగి ఏదో ఒకటి టిక్ పెట్టేస్తారు. నా అభిప్రాయంలో అది పెద్ద నష్టం. క్లాసు అర్థం కానివారికి తాము బాగా నడిపారో లేదో కూడా తెలియదు. ఏ భాగం కొనాలో, ఏది కొనకూడదో అంతకంటే తెలియదు. కాబట్టి ఆ గడిని సరిగ్గా నింపడం ఎలాగో మొదటినుంచి చూద్దాం.

ఇక్కడ చెప్పేది స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా, అంటే ఎస్‌సీసీఏ, 'సోలో' పేరుతో నడిపే ఆటోక్రాస్ గురించి. 1944లో పుట్టిన ఈ క్లబ్ 1973 నుంచి సోలో జాతీయ పోటీలు జరుపుతోంది. 2009 నుంచి అవి నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌లో పాత ఎయిర్‌పార్క్ కాంక్రీటు మీద జరుగుతున్నాయి. ఎస్‌సీసీఏతో సంబంధం లేని స్థానిక క్లబ్బులు కూడా చాలావరకు ఈ క్లాసులనే అరువు తెచ్చుకుంటాయి. అందుకే ఇవి ఒకసారి నేర్చుకుంటే ఏ ఊళ్లోనైనా పనికొస్తాయి.

ముందు ఒక సంగతి: క్లాసును నిర్ణయించేది గుర్రపు శక్తి కాదు

మన దేశంలో మోటారు పోటీల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ కింద జరిగే ఆటోక్రాస్‌లు ఎక్కువగా మట్టి మీద నడుస్తాయి, క్లాసులు ప్రధానంగా ఇంజన్ సీసీని బట్టి ఉంటాయి. ఆ అలవాటుతో వచ్చినవారికి అమెరికా జాబితా అయోమయంగా తోస్తుంది. దాదాపు ఫ్యాక్టరీ రూపంలోనే ఉన్న కార్ల వర్గం పేరు స్ట్రీట్. అందులో 460 గుర్రపు శక్తి ఉన్న మస్టాంగ్ జీటీ ఎఫ్ స్ట్రీట్‌లో ఉంటే, దానికంటే ఎంతో చిన్న ఇంజన్ ఉన్న మియాటా అంతకంటే పైనున్న సీ స్ట్రీట్‌లో ఎందుకుంది అని అడుగుతారు.

జవాబు కోర్సులోనే ఉంది. ఆటోక్రాస్‌లో కారు దాదాపు మొత్తం రన్ రెండో గేరులోనే ఉంటుంది. నేరుగా పరుగెత్తే జాగా కొద్దిగానే దొరుకుతుంది, మిగతాదంతా మలుపే. కాబట్టి ముందుగా పనిచేసేది టైరు పట్టు. తర్వాత ఆ టైరు మోయాల్సిన బరువు. ఆ తర్వాత చాలామంది పట్టించుకోని విషయం కారు వెడల్పు. వరుసగా నిలబెట్టిన కోన్ల మధ్య పాములా తిరిగేటప్పుడు సన్నని కారు తక్కువ పక్కకు జరిగితే చాలు. వెడల్పాటి కారు అదే కోన్ల కోసం ప్రతిసారీ ఇంకాస్త పక్కకు పోయి రావాలి, ఆ 'ఇంకాస్త'లోనే కాలం జారిపోతుంది. అంతేకాదు, కారు ఒరిగినప్పుడు సస్పెన్షన్ ముందు టైరును నేలకు చదునుగా ఉంచగలుగుతుందా, వెనక డిఫరెన్షియల్ లోపలి చక్రాన్ని ఊరికే తిరగనిస్తుందా, రెండో గేరు ఎంత వేగం దాకా సాగుతుంది, ఇవన్నీ లెక్కకొస్తాయి.

అందుకే వర్గీకరణ చేసేవాళ్లు కారు కాగితాల్లోని అంకెలకంటే అది కోన్ల మధ్య నిజంగా ఎంత వేగంగా వెళుతుందో చూస్తారు. కుస్తీలో బరువును బట్టి జోడీలు కట్టినట్టు, ఇక్కడ ఒకే స్థాయి ఉన్న కార్లను ఒక గూటిలో చేరుస్తారు. అప్పుడు మిగిలే తేడా నడిపేవాడి చేతిలో ఉంటుంది. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

ఇంకొక మాట. ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు వేగం దిగుతున్న క్రమమని అందరూ అనుకుంటారు. మొత్తమ్మీద అది నిజమే, ఎస్‌ఎస్ (సూపర్ స్ట్రీట్) పైన, హెచ్‌ఎస్ (హెచ్ స్ట్రీట్) కింద. కానీ ఖచ్చితమైన మెట్ల వరుస కాదు. వీ8 మస్టాంగులు, కమారోలు ఉండే ఎఫ్ స్ట్రీట్ ఈ స్ట్రీట్ కంటే వేగవంతమైన క్లాసు. అక్షరాన్ని చూసి ఎదుటివాడి కారును తక్కువ అంచనా వేయకండి.

మొదటి మెట్టు: ఆ ఈవెంట్ ఏ నియమావళి మీద నడుస్తోందో తెలుసుకోండి

ఎస్‌సీసీఏ సోలో రూల్‌బుక్ ఏటా కొత్తగా వస్తుంది. జనవరి నుంచి అమల్లోకి వస్తుంది, క్లబ్ సైటులో ఉచితంగా దొరుకుతుంది. పాత రూల్‌బుక్ చూసి క్లాసు నిర్ణయించుకోవడం మానుకోండి. కార్లు ఒక అక్షరం నుంచి మరో అక్షరానికి మారుతుంటాయి, ఒక్కోసారి క్లాసులే పుట్టి పోతుంటాయి. ఈ వ్యాసంలో చెప్పిన అక్షరాలను కూడా ఈ ఏటి పుస్తకంతో సరిచూసుకోండి.

తర్వాత ఈవెంట్ ప్రకటనలో అనుబంధ నియమాలు చదవండి. స్థానిక క్లబ్బులు కొత్తవాళ్లకు 'నోవిస్' క్లాసు పెడతాయి. కాలం మాత్రమే చూసుకునేవారికి వేరే గడి ఉంటుంది. పోర్షె క్లబ్, బీఎండబ్ల్యూ క్లబ్ లాంటివి తమ సొంత పద్ధతులు వాడతాయి. కొన్నిచోట్ల ఒక్కో మార్పుకు ఇన్ని పాయింట్లని వేసి, మొత్తాన్ని బట్టి క్లాసు తేలుస్తారు.

ఎస్‌యూవీ, ఎత్తైన కారు ఉన్నవాళ్లు ఈ మెట్టులోనే ఇంకో విషయం చూసుకోవాలి. బోల్తా పడే అవకాశాన్ని కొలిచే స్టాటిక్ స్టెబిలిటీ ఫ్యాక్టర్ అనే అంకె ఒకటుంది. చక్రాల మధ్య వెడల్పును, గురుత్వ కేంద్రం ఎత్తుకు రెండింతలతో భాగిస్తే అది వస్తుంది. సోలో నియమాలు దీనికి 1.30ని హద్దుగా పెట్టాయి. అంతకంటే తక్కువ ఉన్న వాహనాన్ని మామూలుగా రానివ్వరు. క్లాసు గురించి ఆలోచించే ముందు అసలు ప్రవేశం ఉందో లేదో తెలుసుకోవడం మంచిది.

రెండో మెట్టు: మీ కారు అసలు పేరు రాసుకోండి

'నాది మియాటా' అంటే సరిపోదు. ఏ సంవత్సరం, ఏ తరం, ఏ ట్రిమ్ (వేరియంట్), ఏ ఆప్షన్ ప్యాకేజీ, మాన్యువలా ఆటోమేటిక్కా, ఇంజన్ శక్తి అందేది ముందు చక్రాలకా వెనక చక్రాలకా నాలుగింటికా, ఇవన్నీ కాగితం మీద పెట్టండి. ఒకే పేరుతో అమ్మిన రెండు కార్లు రెండు క్లాసుల్లో ఉండటం చాలా మామూలు. మామూలు కార్వెట్, జెడ్06 కార్వెట్ వేర్వేరు కార్లు. టెస్లా మోడల్ 3 కొన్నవాళ్లు మనవాళ్లలో ఎక్కువ కాబట్టి చెబుతున్నాను, ఒక మోటారు కారుకూ రెండు మోటార్ల పెర్ఫార్మెన్స్ కారుకూ రూల్‌బుక్‌లో విడివిడిగా వెతకండి.

ట్రిమ్ సంగతి ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చూడండి. నాలుగో తరం మియాటాలో, అంటే 2016 నుంచి వచ్చిన ఎన్‌డీలో, మాన్యువల్ గేర్ల 'క్లబ్' ట్రిమ్‌కు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (మలుపులో లోపలి చక్రం ఊరికే తిరగకుండా చూసేది), బిల్‌స్టీన్ షాక్ అబ్జార్బర్లు కంపెనీయే వేసి ఇచ్చింది. కింది 'స్పోర్ట్' ట్రిమ్ తొలి ఏళ్లలో అవి లేకుండా వచ్చింది. ఆ స్పోర్ట్ కొన్న మనిషి 'ఎలాగూ మాజ్దా భాగమే కదా' అని క్లబ్ డిఫరెన్షియల్ ఒక్కటి తెచ్చి బిగిస్తే స్ట్రీట్ వర్గంలో అది చెల్లదు. ఒక ప్యాకేజీలోంచి మనకు నచ్చిన ముక్కను మాత్రమే తీసుకోవడం అక్కడ కుదరదు. కారు ఫ్యాక్టరీ నుంచి ఏ రూపంలో బయటికి వచ్చిందో, ఆ రూపంలోనే పూర్తిగా ఉండాలి. అందుకే సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు ట్రిమ్ చూసి కొనండి. తర్వాత దాన్ని చవగ్గా సరిదిద్దే దారి ఉండదు.

మూడో మెట్టు: స్ట్రీట్ అక్షరాన్ని వెతకండి

రూల్‌బుక్ చివర అనుబంధం ఏ ఉంటుంది. అందులో ఒక్కో క్లాసు కింద కంపెనీల వారీగా కార్ల పేర్లుంటాయి. మీ కారును ముందు స్ట్రీట్ వర్గంలో వెతకండి, కారులో ఏ మార్పులున్నా సరే. ఫ్యాక్టరీ రూపంలో దాని స్థాయి ఏమిటో తెలిస్తే, మార్పులు దాన్ని ఎటు తీసుకుపోయాయో చూడటం తేలికవుతుంది.

స్ట్రీట్‌లో తొమ్మిది గూళ్లు ఉంటాయి. పైన సూపర్ స్ట్రీట్, దాని కింద ఏ నుంచి హెచ్ దాకా. పోర్షె 911 జీటీ3 లాంటివి సూపర్ స్ట్రీట్‌లో ఉంటాయి. మస్టాంగ్, కమారో లాంటి వీ8 కార్లు ఎఫ్‌లో. మినీ కూపర్ లాంటి చిన్న, చురుకైన ముందు చక్రాల కార్లు చివరి అక్షరాల్లో. మీ కారు పేరు విడిగా కనబడకపోతే, ఆ కంపెనీ కిందో క్లాసు చివరో 'వేరేచోట చెప్పనివి' అనే అర్థంలో ఎన్‌ఓసీ అని రాసిన వరుస ఉంటుంది, దాన్ని చూడండి.

స్ట్రీట్‌లో చోటు దక్కాలంటే ఆ మోడల్‌ను అమెరికాలో మామూలు డీలర్ల ద్వారా, 12 నెలల్లో కనీసం 1,000 కార్లు తయారుచేసి అమ్మి ఉండాలి. రోడ్డు మీద తిరిగే మామూలు కార్ల కోసం పెట్టిన వర్గం ఇది, పదుల సంఖ్యలో చేసిన అరుదైన యంత్రాల కోసం కాదు.

నాలుగో మెట్టు: మార్పుల పట్టిక

ఈ మెట్టులో తొందర పడకండి. కారును పైకెత్తి, బానెట్ తెరిచి, ఫ్యాక్టరీ నుంచి రాని ప్రతి వస్తువునూ రాయండి. మీరు బిగించినవే కాదు, పాత యజమాని బిగించినవి కూడా. స్ప్రింగుల రంగు చూడండి, కంపెనీ స్ప్రింగుల మీద పార్ట్ నంబరు ఉంటుంది. బానెట్ కింద రెండు షాక్ టవర్లను కలుపుతూ మెరిసే కడ్డీ ఉందా? గేరు రాడ్ పొట్టిగా ఉందా? గాలి పీల్చే గొట్టం ప్లాస్టిక్ డబ్బాలోంచి వెళుతోందా, లేక బయటికి కనబడే శంకువు ఆకారపు ఫిల్టర్ ఉందా? రిమ్ము వెనక ముద్రించిన వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీతకూ హబ్‌కు బిగిసే చోటుకూ ఉన్న దూరం) ఎంత? ఇంజన్ కంప్యూటర్‌కు ఎవరైనా ట్యూన్ వేశారా?

ఇక ఈ నియమావళికి ప్రాణం లాంటి సూత్రం. 'చేయవచ్చు' అని పుస్తకంలో రాసి ఉంటేనే చేయాలి. 'చేయకూడదని ఎక్కడా లేదు కదా' అనే వాదన ఇక్కడ నిలబడదు. ప్రతి మార్పు పక్కన దానికి అనుమతి ఇచ్చే నిబంధన నంబరు రాయగలగాలి. రాయలేకపోతే ఆ మార్పు కారును పై వర్గానికి నెట్టేసిందని అర్థం. అందులోనూ కారు మొత్తాన్నీ ఒక్క భాగమే నెట్టేయగలదు. తొమ్మిది భాగాలు స్ట్రీట్‌కు సరిపోయి, పదోది సరిపోకపోతే కారు స్ట్రీట్ కాదు.

ఐదో మెట్టు: జల్లెడ పట్టండి, టైరుతో మొదలుపెట్టి

టైరు పక్కగోడ మీద 'ట్రెడ్‌వేర్' అని ఒక అంకె ఉంటుంది. అరుగుదల ఎంత నెమ్మదో చెప్పే అంకె అది. అంకె తగ్గేకొద్దీ మామూలుగా రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. స్ట్రీట్‌లోనూ, తర్వాతి మెట్టులో చూడబోయే స్ట్రీట్ టూరింగ్, సీఏఎం వర్గాల్లోనూ ఆ అంకె కనీసం 200 ఉండాలి. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యొకోహామా ఏ052, ఫాల్కెన్ ఆర్‌టీ660 లాంటివి ఆ 200 గీత మీద నిలబడి ఎంత పట్టు ఇవ్వగలవో అంతా ఇచ్చే టైర్లు. 100 ట్రెడ్‌వేర్ టైరు వేసుకుని వస్తే, కారులో మరే మార్పూ లేకపోయినా స్ట్రీట్ తలుపు మూసుకుపోతుంది. మెత్తని పోటీ టైర్లు వేసుకునే స్ట్రీట్ కార్ల కోసం సూపర్ స్ట్రీట్ ఆర్ అనే ప్రత్యేక క్లాసు పెట్టారు. లేదంటే పై వర్గాలకు వెళ్లాలి.

ఈ 200 గీత మొదటినుంచీ ఉన్నది కాదు. ఒకప్పుడు ఈ వర్గం పేరు 'స్టాక్', అందులో మెత్తని పోటీ టైర్లు నడిచేవి. ఫ్యాక్టరీ కారుతో వచ్చిన కొత్తవాడు గెలవాలంటే రెండో జత చక్రాలు, తొందరగా అరిగిపోయే ఖరీదైన టైర్లు తప్పేవి కావు. 2014లో పేరు స్ట్రీట్‌గా మారింది, రోడ్డు టైర్లే తప్పనిసరి అయ్యాయి. సామాన్యుడికి తలుపు తెరిచిన నిర్ణయం అదేనని నా నమ్మకం.

టైరు సరిపోతే మిగతావి చూడండి. స్ట్రీట్‌లో అనుమతి ఉన్నవి కొద్దివే, కానీ సరైనవి. షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు. మలుపులో కారు ఒరగకుండా పట్టే యాంటీ రోల్ బార్లలో ముందుదో వెనకదో ఒక్కటి మార్చవచ్చు, రెండూ కాదు. చక్రం వ్యాసం ఒక అంగుళం అటో ఇటో ఉండవచ్చు, వెడల్పు మాత్రం ఫ్యాక్టరీదే, ఆఫ్‌సెట్ 7 మిల్లీమీటర్లకు మించి మారకూడదు. బాడీని మార్చకుండా పట్టే ఏ కొలత టైరైనా సరే. బ్రేక్ ప్యాడ్లు మీ ఇష్టం. ఎయిర్ ఫిల్టర్ పేపరు మార్చవచ్చు, దాని డబ్బా, గొట్టం మార్చకూడదు. చివరి క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత సైలెన్సర్ ఏదైనా పెట్టుకోవచ్చు. స్పేర్ టైరు, జాకీ, పనిముట్లు తీసేయవచ్చు. వెనక సీటు తీస్తే కుదరదు.

స్ప్రింగులు మార్చారా? కారును కిందికి దించారా? స్ట్రీట్ అయిపోయింది. వెడల్పు రిమ్ములా? అయిపోయింది. ఆ మెరిసే కడ్డీ, బయటి ఫిల్టర్, కంప్యూటర్ ట్యూన్? అవీ అంతే. ఇవన్నీ సాధారణంగా స్ట్రీట్ టూరింగ్‌కు చెందిన మార్పులు.

ఆరో మెట్టు: పై వర్గాల్లో చోటు

స్ట్రీట్ టూరింగ్ అంటే వీధిలో యువకులు తమ కారుకు సహజంగా చేసుకునే మార్పులకు ఇల్లు. స్ప్రింగులు, రెండు యాంటీ రోల్ బార్లు, చక్రం వంపును సర్దే క్యాంబర్ ప్లేట్లు, గాలి పీల్చే ఇన్‌టేక్, పొగ బయటికి పంపే హెడర్, ఇంజన్ ట్యూన్ దాకా చోటుంది. టర్బో లేని కారుకు టర్బో బిగించడం లేదు, ఇంజన్ లోపల చెయ్యి పెట్టడం లేదు. టైరు 200దే. ఇక్కడ క్లాసులను విడదీసే పనిముట్టు టైరు వెడల్పు, రిమ్ము వెడల్పు. ఒక్కో క్లాసుకూ ఒక పైహద్దు ఉంటుంది. అదే క్లాసులో నాలుగు చక్రాలకూ శక్తి అందే కారుకు, రెండు చక్రాలకే అందే కారు కంటే తక్కువ వెడల్పు ఇవ్వడం కూడా ఉంది. ఎన్‌డీ మియాటా, హోండా ఎస్2000 లాంటి వెనక చక్రాల రోడ్‌స్టర్లకు ఎస్‌టీఆర్, టయోటా 86, సుబారు బీఆర్‌జెడ్ మొదటి తరానికి ఎస్‌టీఎక్స్ చాలాకాలం సుపరిచితమైన ఇళ్లుగా ఉండేవి, తర్వాత ఆ క్లాసుల పేర్లు మారాయి.

ఒక 86ను తీసుకుని మెట్లెక్కిద్దాం. ఫ్యాక్టరీ కారు, 200 టైర్లు, మంచి షాకులు, ముందు బార్: స్ట్రీట్. దానికి స్ప్రింగులు, వెడల్పు చక్రాలు, ట్యూన్: స్ట్రీట్ టూరింగ్. అందరూ ఒకే కిట్ వాడే సోలో స్పెక్ కూప్ అనే క్లాసు కూడా ఈ కారు కోసమే పుట్టింది, భాగాల పోటీ వద్దనుకునేవారికి అది చక్కని చోటు. ఆ 86కే ఆర్ కాంపౌండ్ అనే మెత్తని పోటీ టైర్లు, ఇంకా పెద్ద చక్రాలు పెట్టి ఇంజన్ లోపల మాత్రం ముట్టుకోకపోతే స్ట్రీట్ ప్రిపేర్డ్ వైపు పోతుంది. అక్కడ ఒకే తరం కారులోని వేర్వేరు సంవత్సరాల భాగాలను అటూ ఇటూ మార్చుకునే వెసులుబాటు ఉంది. టర్బో బిగించారా, ఇంజన్ విప్పారా, అది స్ట్రీట్ మోడిఫైడ్.

స్ట్రీట్ మోడిఫైడ్‌లో విభజన సులువుగానే గుర్తుంటుంది. వెనక సీటున్న సెడాన్లు, కూపెలు ఎస్‌ఎం, ముందు చక్రాలవి ఎస్‌ఎంఎఫ్, రెండే సీట్లున్న కార్లు ఎస్‌ఎస్‌ఎం. టర్బో వేసిన మియాటా ఎస్‌ఎస్‌ఎంలో చాలా ప్రమాదకరమైన ప్రత్యర్థి. ఆ పైన ప్రిపేర్డ్, మోడిఫైడ్ వర్గాల్లో రోడ్డు పనికిరాని స్లిక్ టైర్లు, లోపలంతా తీసేసిన బాడీలు, పోటీ కోసమే పుట్టిన ఫార్ములా బళ్లు ఉంటాయి. మొదటి ఏడాదిలో ఉన్నవారికి వాటితో పని పడదు.

సీఏఎం గురించి మాత్రం చెప్పాలి. క్లాసిక్ అమెరికన్ మజిల్ అనే ఈ వర్గం అమెరికా కార్లకే. సీఏఎం-సీ ఈ కాలపు మస్టాంగ్, కమారోలకు, సీఏఎం-టీ పాత తరానికి, సీఏఎం-ఎస్ కార్వెట్ లాంటి రెండు సీట్ల కార్లకు. కనీస బరువు, 200 టైరు, కొన్ని మౌలిక షరతులు పాటిస్తే మిగతా మార్పులకు చాలా స్వేచ్ఛ ఉంది. మస్టాంగ్‌కు మీరు ఇప్పటికే మనసుపడి ఎన్నో మార్పులు చేసేసి ఉంటే, నిబంధనల వెంట పడి తలపట్టుకునే బదులు నేరుగా ఇక్కడికి రండి. జనం కూడా సరదాగా ఉంటారు.

ఏడో మెట్టు: ప్యాక్స్ లెక్క

చిన్న ఊళ్లో మీ క్లాసులో మీరొక్కరే ఉండవచ్చు. ఒంటరిగా మొదటి స్థానం వచ్చినా దానికి అర్థం లేదు. అప్పుడు ప్యాక్స్ అక్కరకొస్తుంది. దీనికే ఆర్‌టీపీ అని మరో పేరు. రిక్ రూత్ అనే ఆయన పెద్ద పోటీల ఫలితాలను విశ్లేషించి ప్రతి క్లాసుకూ ఒక గుణకం ప్రకటిస్తూ వచ్చారు. అన్నిటికంటే వేగవంతమైన ఏ మోడిఫైడ్‌కు 1.000. మిగతావన్నీ అంతకంటే తక్కువ. మీ కాలాన్ని గుణకంతో గుణించి అందరినీ ఒకే వరుసలో నిలబెడతారు.

లెక్క అర్థం కావడానికి ఊహా గుణకాలు తీసుకుందాం. మీ క్లాసుకు 0.800, మీ కాలం 60.0 సెకన్లు. సర్దిన కాలం 48.0. మరొకరి క్లాసుకు 0.850, ఆయన 57.0 సెకన్లలో వచ్చారు. సర్దిన కాలం 48.45. గడియారంలో మూడు సెకన్లు వెనకబడిన మీరే ముందున్నారు. ఒక కోన్ తగిలి మీ కాలం 62.0 అయితే 49.6, అప్పుడు మీరు వెనకే.

నోవిస్ క్లాసుల్లో కూడా గెలుపు చాలాచోట్ల ఈ గుణకంతోనే తేలుస్తారు. అందుకే నోవిస్‌లో నమోదైనా మీ అసలు క్లాసు అక్షరం సరిగ్గా ఇవ్వాలి. తప్పు అక్షరం ఇస్తే తప్పు గుణకం పడుతుంది, పక్కవాడికి అన్యాయం జరుగుతుంది. ఒకటే జాగ్రత్త. గుణకం ఆ క్లాసులో అత్యుత్తమంగా తయారైన కారును, అత్యుత్తమ డ్రైవరును మనసులో పెట్టుకుని వేసినది. స్ట్రీట్ టూరింగ్‌కు పంపిన ఒకే ఒక్క స్ప్రింగు మార్పుతో వచ్చినవారు ఆ గుణకం తమను చితక్కొడుతోందని అనుకుంటారు, నిజమే. వారి చేతుల్లో రెండు దారులున్నాయి: పాత స్ప్రింగులు తిరిగి బిగించడం, లేదా ఆ క్లాసు అనుమతించే మిగతావన్నీ చేయడం. మధ్యలో ఆగిన కారే అన్నిటికంటే కష్టమైన స్థితిలో ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: ఈవెంట్ రోజు

కారు రెండు పక్కలా నంబరు, క్లాసు అక్షరాలు దూరం నుంచి కాలం రాసేవారికి కనబడాలి. జాతీయ స్థాయిలో నంబరు కనీసం 8 అంగుళాల ఎత్తు, అక్షరాలు 4 అంగుళాలు అడుగుతారు. స్థానికంగా పెయింటర్ల టేపుతో రాసినా ఒప్పుకుంటారు. నల్ల కారు మీద నీలం టేపు అంటించకండి, ఎవరికీ కనబడదు.

టెక్ తనిఖీలో చూసేది ఎక్కువగా భద్రత. బ్యాటరీ కదలకూడదు, చక్రాల నట్లన్నీ బిగించి ఉండాలి, బ్రేక్ పెడల్ గట్టిగా ఉండాలి, కారులో వదులుగా ఏదీ ఉండకూడదు. ఫ్లోర్ మ్యాట్లు, నీళ్ల సీసా, పిల్లల బొమ్మలు ముందే తీసేయండి. స్నెల్ అనే భద్రతా సంస్థ ముద్ర ఉన్న హెల్మెట్ కావాలి, లేకపోతే చాలా క్లబ్బులు ఆరోజుకు అరువిస్తాయి. మీ క్లాసు సరైనదేనా అని మాత్రం టెక్ వాళ్లు తేల్చరు. ఆ బాధ్యత మీదే.

అనుమానం ఉంటే ఉదయమే ఆ క్లాసులో ఏళ్లుగా నడిపేవారి దగ్గరికి వెళ్లి మీ పట్టిక చూపించండి. ఈ ఆటలో ఉన్నవాళ్లు ఇటువంటి సాయానికి ఎంత సమయమైనా ఇస్తారు. 'అన్నా, ఈ స్ప్రింగులు స్ట్రీట్‌లో చెల్లవు, స్ట్రీట్ టూరింగ్‌కు మారు' అని మొహం మీదే చెబుతారు, తర్వాత తమ కారులో పక్కన కూర్చోబెట్టుకుని కోర్సు చూపిస్తారు. స్థానిక పోటీల్లో ఇటువంటివి మాటలతోనే సర్దుకుంటాయి. జాతీయ పోటీల్లో మాత్రం ప్రత్యర్థి రుసుము కట్టి ప్రొటెస్ట్ వేయవచ్చు, అవసరమైతే భాగాలు విప్పి చూస్తారు, నియమం తప్పితే ఫలితం పోతుంది. అక్కడ విజేత ఎవరన్నది ఒక్క రోజులో తేలదు. రెండు రోజులు, రెండు కోర్సులు, రోజుకు మూడేసి రన్లు, ఒక్కో రోజు అత్యుత్తమ కాలాన్ని కలిపి చూస్తారు.

భార్యాభర్తలో, స్నేహితులో ఒకే కారును పంచుకుని నడపడం ఇక్కడ మామూలే. ఖర్చు సగమవుతుంది, టైర్లు ఇద్దరికీ వేడిగా దొరుకుతాయి. పైగా ఒకే కారు, ఒకే క్లాసు కాబట్టి తేడా ఎక్కడుందో దాపరికం లేకుండా తెలిసిపోతుంది.

తొమ్మిదో మెట్టు: క్లాసు ముందు, భాగాలు తర్వాత

చాలామంది భాగాలు కొన్నాక క్లాసు వెతుకుతారు. తిరగేయండి. మీ కారు స్ట్రీట్‌లో ఉంటే మొదటి డబ్బు 200 టైర్ల మీద పెట్టండి. తర్వాత కొంత కాలం వేరే ఏమీ కొనకండి. ఆ తర్వాత నియమాలు అనుమతించిన యాంటీ రోల్ బార్, చివరికి షాకులు. స్ట్రీట్ కారుకు ఇంతకంటే చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు, జేబుకు అదే రక్ష.

ఇంకా కారు కొననివారైతే, మీ ప్రాంతపు గతేడాది ఫలితాలు తెరిచి ఏ క్లాసులో ఎక్కువమంది ఉన్నారో చూడండి. పదిమంది ఉన్న గూట్లో ఐదో స్థానం, ఒక్కరే ఉన్న గూట్లో మొదటి స్థానం కంటే ఎంతో నేర్పుతుంది. ఆ క్లాసులో జాతీయ స్థాయిలో ఏ కార్లు నిలుస్తున్నాయో కూడా చూడండి, కానీ ఆ ఒక్క కారు కోసం అప్పు చేయకండి. క్లాసులో ఒకే కారు ఆధిపత్యం చెలాయిస్తే నియమాలు చూసే బోర్డు దాన్ని మరో అక్షరానికి మార్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఆ మార్పులు ఎలా జరుగుతాయో తెలిసి ఉండటం మేలు. సోలో ఈవెంట్స్ బోర్డు, దాని కింద ఒక్కో వర్గానికి సలహా సంఘాలు ఉంటాయి. సభ్యులెవరైనా లేఖ రాయవచ్చు. 'మా కారు ఈ క్లాసులో నిలబడలేకపోతోంది, ఇవిగో ఫలితాలు' అని ఆధారాలతో రాసిన లేఖలకు విలువ ఉంటుంది. వచ్చిన ప్రతిపాదనలు, నిర్ణయాలు ఫాస్ట్‌ట్రాక్ పేరుతో నెలనెలా ప్రచురిస్తారు. చలికాలంలో, కొత్త పుస్తకం రాకముందు వచ్చే సంచికలను తప్పక చదవండి. మీ కారు అక్షరం మారబోతుంటే ఆ మాట ముందుగా అక్కడే కనబడుతుంది, టైర్లకు ఆర్డరు పెట్టే ముందు తెలుసుకునే వీలుంటుంది.